దినాలైపోయాక ఇంట్లో మిగిలే పిల్లి

చావు జరిగిన ఇంట్లో మొదటి రోజుల్లో ఒంటరితనానికి తావుండదు. వచ్చేవాళ్లు వస్తుంటారు, పోయేవాళ్లు పోతుంటారు. వాకిట్లో షామియానా, అద్దె కుర్చీలు, వంటవాళ్ల గిన్నెల చప్పుడు. ఎవరో ఒకరు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటారు. పదో రోజు, పెద్దకర్మ, భోజనాలు అంటూ ఒకదాని వెనక ఒకటి పనులు వస్తూనే ఉంటాయి. పద్నాలుగో రోజుకి కుర్చీల బండి వెళ్లిపోతుంది. అక్కచెల్లెళ్లు సంచులు సర్దుకుంటారు. డల్లాస్ నుంచో మెల్‌బోర్న్ నుంచో వచ్చిన కొడుకు, సెలవు అయిపోయిందని తల్లి మొహం చూడలేక చెప్పి విమానం ఎక్కుతాడు. అసలు దుఃఖం మొదలయ్యేది ఆ మర్నాటి నుంచి.

ఆ ఇంట్లో పిల్లి ఉంటే, అన్ని రోజులూ అది ఎవరి కంటా పడి ఉండదు. అంత జనాన్ని, అంత అలికిడిని అది తట్టుకోలేదు. అటక మీదో బీరువా వెనకో నక్కి, రాత్రి సద్దుమణిగాక వచ్చి ఇంత తిని పోయి ఉంటుంది. ఇల్లు ఖాళీ అయ్యాక కిందికి దిగుతుంది. గదులన్నీ ఒకసారి తిరిగి వస్తుంది. మిగిలిన మనిషి కాళ్లకు తల రాస్తుంది, ఒళ్లో చేరుతుంది.

అలాంటి రోజులు పిల్లి తోడుతో గడిపినవాళ్లను అడిగితే, ‘దానికి అన్నీ తెలుసండీ, నేను ఏడుస్తుంటే వచ్చి పక్కనే పడుకునేది’ అంటారు. పిల్లిని పెంచనివాళ్లు ఆ మాట నమ్మరు. ‘విశ్వాసమంటే కుక్కది. పిల్లికేముంది, పాలు పోసే చెయ్యి ఎవరిదైనా ఒకటే’ అంటారు. ఇటీవలి ఏళ్లలో పిల్లుల మీద జరిగిన పరిశోధనలనూ, ఆత్మీయులు పోయినప్పుడు మనసు ఎలా నడుస్తుందో మనస్తత్వ శాస్త్రం తెలుసుకున్న సంగతులనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ తోడు ఎలా పనిచేస్తుందో చాలావరకు అర్థమవుతుంది. నాకు అర్థమైనంతలో, మన దుఃఖం తనకు తెలియకపోయినా పిల్లి మనల్ని ఓదార్చగలదు. ఎందుకంటే అది మన దగ్గరే ఉంటుంది, మన అవసరం తనకుందని రోజూ చెబుతుంది. ఇది తక్కువ ఓదార్పేమీ కాదు.

మనిషికీ పిల్లికీ స్నేహం చాలా పాతది. సైప్రస్ ద్వీపంలో షిల్లూరోకంబోస్ అనే చోట ఫ్రెంచి పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వినప్పుడు, సుమారు 9,500 ఏళ్ల నాటి ఒక మనిషి సమాధి బయటపడింది. దానికి అరమీటరు దూరం కూడా లేకుండా ఒక పిల్లిని పూడ్చిపెట్టి ఉంది. ఆ సంగతి 2004లో ప్రపంచానికి తెలిసింది. ధాన్యం నిల్వ చేయడం నేర్చిన మనిషి దగ్గరికి ఎలుకలు వచ్చాయి, ఎలుకల కోసం అడవిపిల్లి వచ్చింది. కానీ ఎలుకల కోసమే అయితే చనిపోయిన మనిషి పక్కన పడుకోబెట్టరు కదా.

పిల్లికి మనిషి మీద మమకారం ఉంటుందా అన్న ప్రశ్నను అమెరికాలోని ఓరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో క్రిస్టిన్ వైటేల్ బృందం పరీక్షించింది. పసిపిల్లలకు తల్లితో ఉన్న బంధాన్ని కొలవడానికి వాడే పద్ధతినే పిల్లికూనలకు వాడారు. కొత్త గదిలో యజమానితో రెండు నిమిషాలు, ఒంటరిగా రెండు నిమిషాలు, మళ్లీ యజమానితో రెండు నిమిషాలు. యజమాని తిరిగి రాగానే కూన బెదురు తగ్గి, ఆయన దగ్గరికి ఒకసారి వచ్చి, ఆ ధైర్యంతో గదిని చూసుకోవడం మొదలుపెడితే అది భద్రమైన బంధం. సుమారు 64 శాతం కూనలు అలాగే చేశాయి. 2019లో వెలువడిన ఈ ఫలితం మనుషుల పిల్లల్లో కనిపించే లెక్కకు చాలా దగ్గరగా ఉంది.

జపాన్‌లో అత్సుకో సైటో 2013లో ఇంకో సంగతి చూపించారు. కనిపించని చోటి నుంచి గొంతులు వినిపిస్తే పిల్లి తన మనిషి గొంతును పరాయి గొంతుల నుంచి వేరుగా గుర్తుపడుతుంది. చెవి తిప్పుతుంది, తల తిప్పుతుంది, లేచి మాత్రం రాదు. పిలిస్తే రాదు కాబట్టి దానికి ప్రేమ లేదని మనం తీర్మానించుకున్నాం. వినడం వేరు, లేచి రావడం వేరు. ఇటలీలోని బారి విశ్వవిద్యాలయంలో 2020లో జరిగిన పరిశోధన, మనిషి మొహంలోని కోపాన్నీ సంతోషాన్నీ ఆ గొంతుతో జతచేసి పోల్చుకోగల శక్తి పిల్లికి ఉందని తేల్చింది. కాబట్టి ఇంట్లో మనిషి మారిపోయిందన్న సంగతి పిల్లికి తెలుస్తుంది. ఎందుకు మారిందో తెలుస్తుందని చెప్పడానికి మాత్రం ఆధారం లేదు.

మరి ఏడుస్తున్న మనిషి దగ్గరికే వచ్చి ఎందుకు పడుకుంటుంది? ఇందులో కొంత దాని ఒంటి స్వభావం. పిల్లి శరీర ఉష్ణోగ్రత 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్. ఒంట్లో శక్తి ఖర్చుపెట్టకుండా హాయిగా ఉండటానికి దానికి చుట్టూ 30 డిగ్రీలకు పైన వెచ్చదనం కావాలి. దుఃఖంలో ఉన్న మనిషి గంటల తరబడి కదలరు. మంచం మీద, సోఫాలో, గోడకి ఆనుకుని ఒకేచోట ఉండిపోతారు. అంతకుముందు వంటింటికీ బజారుకీ ఆఫీసుకీ తిరిగే మనిషి ఇప్పుడు కదలని వెచ్చని చోటయ్యారు. పిల్లికి అంతకన్నా కావలసిందేముంది? ఇలా చెబితే కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకోనక్కరలేదు. వెచ్చదనమే కావాలంటే ఎండ పడే కిటికీ ఉంది, ఇస్త్రీ బట్టల దొంతర ఉంది. అవి వదిలి మనిషి ఒళ్లో చేరడానికి ఆ మనిషి మీద నమ్మకం కూడా ఉండాలి. ఆ నమ్మకం ఉందనే వైటేల్ పరీక్ష చెబుతోంది.

ఈ విషయంలో ఆస్కార్ అనే పిల్లి కథ చెప్పుకోవాలి. అమెరికాలో రోడ్ ఐలాండ్ రాష్ట్రం, ప్రావిడెన్స్ నగరంలో స్టీర్ హౌస్ అనే వృద్ధుల సంరక్షణ కేంద్రం ఉంది. దాని మూడో అంతస్తులో మతిమరుపు వ్యాధి ముదిరినవాళ్లుంటారు. కూనగా వచ్చిన ఆస్కార్ అక్కడే పెరిగింది. మామూలుగా ఎవరి ఒళ్లోనూ చేరే రకం కాదు. కానీ ఎవరికైనా చివరి గంటలు దగ్గరపడితే ఆ గదిలోకి వెళ్లి, వాసన చూసి, మంచం ఎక్కి పక్కనే ముడుచుకుని పడుకునేది. చాలాసార్లు అలా జరిగేసరికి నర్సులు, ఆస్కార్ పడుకున్న మంచం చూసి ఆ కుటుంబానికి ఫోన్ చేయడం మొదలుపెట్టారు. అక్కడి వైద్యుడు డేవిడ్ డోసా 2007 జులైలో ఒక పెద్ద వైద్య పత్రికలో దీని గురించి వ్యాసం రాశారు. అప్పటికి అలాంటి మరణాలు పాతిక దాటాయి. తర్వాత ఆ సంఖ్య వంద దాటిందని చెప్పారు. 2022లో ఆస్కార్ చనిపోయింది.

దానికి చావు ముందే తెలిసేదా? శరీరం మూతపడుతున్నప్పుడు కణాల నుంచి వెలువడే రసాయనాల వాసన పట్టి ఉండవచ్చని డోసా అన్నారు. రోగికి వేసిన వెచ్చని దుప్పట్ల కోసం వెళ్లేదని ఇంకొందరు అన్నారు. వెళ్లి ఊరికే తిరిగి వచ్చిన సందర్భాలను ఎవరూ లెక్కపెట్టలేదు కదా అన్నవాళ్లూ ఉన్నారు, ఆ అభ్యంతరంలో న్యాయముంది. నన్ను కదిలించిన విషయం ఇంకొకటి. మతిమరుపు చివరి దశలో ఉన్న ఆ రోగుల్లో చాలామందికి పక్కన పిల్లి ఉన్న సంగతి కూడా తెలియదు. ఊరట పొందింది కుటుంబాలు. తాము వచ్చేలోపు అమ్మ ఒంటరిగా లేదన్నది వాళ్లకు దక్కిన ఓదార్పు. ఎవరూ లేకుండా పోయే వాళ్ల విషయంలో ఆ పిల్లి ఒక్కటే ఆ గదిలో ఉన్న ప్రాణి. ఆ కారణానికే ఊళ్లోని ఒక సేవాసంస్థ ఆస్కార్ పేరున ప్రశంసాఫలకం చేయించి గోడకు పెట్టింది.

పిల్లి ఒళ్లోకి వచ్చాక మనిషి శరీరంలో ఏం జరుగుతుందో కొంత తెలుసు. వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో 249 మంది విద్యార్థులతో చేసిన పరిశోధన 2019లో వచ్చింది. కుక్కల్ని, పిల్లుల్ని పది నిమిషాలు నిమిరినవాళ్ల లాలాజలంలో ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ హార్మోను తగ్గింది. దూరం నుంచి చూస్తూ కూర్చున్నవాళ్లలోనూ, ఆ జంతువుల బొమ్మలు చూసినవాళ్లలోనూ అంత తగ్గలేదు. అంటే పనిచేసింది చూపు కాదు, స్పర్శ. మనిషి చర్మంలో, ముఖ్యంగా ముంజేతుల మీద, నెమ్మదిగా మెత్తగా తగిలే స్పర్శకు బాగా స్పందించే ప్రత్యేకమైన నరాలున్నాయి. పిల్లి చేతికి ఒళ్లు రాసుకుంటూ పోయినప్పుడు తగిలేది అలాంటి స్పర్శే.

మన ఇళ్లలో దీనికి ఎంత విలువుందో ఆలోచించాలి. భార్యో భర్తో పోయాక, అరవై దాటిన మనిషిని తాకేవాళ్లు ఎవరుంటారు? పెద్దకర్మ దాకా అందరూ చేతులు పట్టుకుంటారు, తర్వాత వీడియో కాల్‌లో మొహాలు కనిపిస్తాయి. నెలల తరబడి ఇంకో ప్రాణి స్పర్శ లేకుండా గడిపే పెద్దవాళ్లు మన చుట్టూ ఎందరో ఉన్నారు. దాని గురించి మనం మాట్లాడుకోము, సిగ్గుపడతాం.

ఇక గురగుర. దూరంగా ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నట్టు పిల్లి గొంతులోంచి వచ్చే ఆ చప్పుడు సెకనుకు ఇరవై అయిదు, ముప్ఫై కంపనాల దగ్గర మొదలవుతుంది. అంత చిన్న ప్రాణి అంత లోతైన ధ్వని ఎలా చేస్తుందన్నది చాలాకాలం చిక్కుప్రశ్నే. 2023లో వియన్నా విశ్వవిద్యాలయ పరిశోధకులు, పిల్లి స్వరతంతువుల్లో ఉన్న మెత్తటి దిండ్ల వంటి కణజాలం దానికి కారణం కావచ్చని చూపించారు. ఆ గురగుర ఎముకలు అతికిస్తుందని, రోగాలు నయం చేస్తుందని వాట్సాప్‌లో తిరిగే మాటలకు మాత్రం రుజువు లేదు. అదొక ఊహగా మొదలైంది, ఊహగానే ఉంది. పైగా పిల్లి సంతోషంలోనే కాదు, నొప్పిలోనూ చివరి ఘడియల్లోనూ గురగురలాడుతుంది.

ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో కరెన్ మెక్‌కోంబ్ 2009లో కనిపెట్టిన సంగతి నాకు ఇంతకన్నా ముఖ్యమనిపిస్తుంది. ఆకలేసినప్పుడు కొన్ని పిల్లులు చేసే గురగుర వేరుగా ఉంటుంది. ఆ మంద్రధ్వని లోపల సన్నని ఏడుపు ఒకటి కలిసి ఉంటుంది, దాని స్థాయి పసిపిల్ల ఏడుపుకు దగ్గరగా ఉంటుంది. పిల్లిని ఎన్నడూ పెంచనివాళ్లకు వినిపించినా, ఇది తొందరపెడుతున్న గొంతని చెప్పగలిగారు. ఆ గొంతు విని మనిషి లేవకుండా ఉండలేరు. పిల్లి తోడులో అసలు కీలకం అక్కడుందని నా నమ్మకం.

దీనికి మనస్తత్వ శాస్త్రంలో ఆధారముంది. దుఃఖమంటే మొదట తిరస్కారం, తర్వాత కోపం, చివరికి ఒప్పుకోలు అంటూ మెట్లు మెట్లుగా నడుస్తుందని చాలామంది అనుకుంటారు. నెదర్లాండ్స్‌కు చెందిన మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో వేరే మాట చెప్పారు. దుఃఖంలో ఉన్న మనిషి రెండు వైపుల మధ్య ఊగుతుంటారు. ఒకవైపు పోయిన మనిషి, ఆ జ్ఞాపకాలు, ఆ ఏడుపు. రెండోవైపు కరెంటు బిల్లు, పింఛను కాగితాలు, ఒక్కరికే వండుకోవడం నేర్చుకోవడం. ఎప్పుడూ ఏడుస్తూ ఉండిపోయినా, ఏడుపుకు చోటివ్వకుండా పనుల్లో మునిగినా మనసు కుదుటపడదు. అటూ ఇటూ కదలగలగాలి. ఆ కదలికే ఆరోగ్యమన్నది వాళ్ల సిద్ధాంతం.

పిల్లి ఆ కదలికను కల్పిస్తుంది. అది తెల్లవారుజామున, సాయంత్రం చీకటి పడేవేళ ఎక్కువ చురుగ్గా ఉండే జంతువు. దుఃఖంలో ఉన్నవాళ్లకు ఆ రెండు వేళలే గడవనివి. నిద్ర పట్టక తెల్లారుతున్న కిటికీ వంక చూడటం, పోయిన మనిషి ఆఫీసు నుంచో పొలం నుంచో ఇంటికి వచ్చే సందెవేళను దాటించడం చాలా కష్టం. సరిగ్గా అప్పుడే పిల్లి వచ్చి మంచం ఎక్కుతుంది. మొహం మీద మొహం పెట్టి పిలుస్తుంది. లేవాలి. గిన్నె కడగాలి, ఏదో ఒకటి పెట్టాలి, తలుపు తీయాలి. అయిదు నిమిషాల పని. అది అయ్యాక తిరిగి పడుకుని ఏడ్చినా పిల్లి ఏమీ అనదు. ‘ఎంతకాలం ఇలా, గుండె రాయి చేసుకోవాలి’ అనదు. ‘నువ్వే ఇలా అయిపోతే పిల్లలేం కావాలి’ అనదు. మనసులో మంచే ఉన్నా మనుషులు ఈ మాటలు అనేస్తారు.

మా పెద్దనాన్న పోయినప్పుడు మా పెద్దమ్మ విషయంలో ఇది చూశాను. ఆ పిల్లి ఆయనది. మధ్యాహ్నం భోజనంలో తన కంచంలోంచి దానికి ముక్క వేసేవాడు. ‘మీరే దాన్ని పాడు చేశారు’ అని పెద్దమ్మ రోజూ కసిరేది. ఆయన పోయాక కొన్నాళ్లు ఆమె సరిగ్గా తినలేదు. తర్వాత మెల్లగా తేరుకుంది. ఎలాగని అడిగితే, ‘నాకోసమైతే పొయ్యి వెలిగించేదాన్ని కాదమ్మాయ్. దానికి ఇంత చేప ముక్క ఉడకెయ్యాలిగా. ఆ పొయ్యి మీదే నాకూ ఇన్ని బియ్యం పడేసుకునేదాన్ని’ అంది. స్ట్రోబ్, షుట్ పుస్తకాల్లో చెప్పిన సంగతి ఆమె మూడు వాక్యాల్లో చెప్పింది.

ఒక్క పెద్దమ్మ మాటతో సిద్ధాంతం నిలబడదు. ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయంలో డాన్ కార్, ఆమె సహచరులు యాభై దాటిన అమెరికన్ల వివరాలు పరిశీలించారు. భర్తో భార్యో చనిపోయిన, లేక విడాకులైన వాళ్లలో పెంపుడు జంతువు లేనివాళ్లకు కుంగుబాటు ఎక్కువగా పెరిగింది, ఒంటరితనం ఎక్కువైంది. కుక్కో పిల్లో ఉన్నవాళ్లు అంతగా కుంగిపోలేదు. ఈ పరిశోధన 2019లో వచ్చింది. అలాగని ఎవరైనా పోయిన ఇంటికి ఓదార్పు కోసమని పిల్లిని కొత్తగా తెచ్చిపెట్టడం మంచి పని కాదు. అక్కడ పనిచేసింది ఏళ్లుగా కలిసి బతికిన బంధం. పోయిన మనిషిని తెలిసిన ప్రాణి ఇంట్లో ఉండటం వేరు.

మన శకునాల గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ప్రయాణమై వెళ్తుంటే పిల్లి ఎదురైతే ఆగి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని వెళ్లమనేవారు. భర్త పోయిన ఆడమనిషి ఎదురైనా అదే మాట. ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఆమె శుభకార్యం రోజున తనంతట తనే వెనక గదిలో ఉండిపోతుంది. ఎదురు రాకూడదని మనం పక్కకు నెట్టిన రెండు ప్రాణాలు, ఒకే గదిలో ఒకదానికొకటి తోడై ఏళ్లు గడిపిన ఇళ్లు తెలుగునేల మీద ఎన్నో ఉన్నాయి. ఆ శకునం వల్ల పిల్లికి పోయిందేమీ లేదు. ఆ మనిషికి జరిగిన అన్యాయాన్ని తలచుకుంటే మాత్రం ఇవాళ్టికీ కోపమొస్తుంది.

పేరున్న రచయితల జీవితాల్లోనూ ఇలాంటి తోడు కనిపిస్తుంది. మార్క్ ట్వేన్ భార్య ఒలీవియా 1904 జూన్‌లో ఇటలీలోని ఫ్లారెన్స్‌లో చనిపోయింది. కూతురు క్లారా ఆ దెబ్బకు కుంగిపోయి ఒక ఆరోగ్య నిలయంలో చేరింది. అక్కడ రహస్యంగా ఒక నల్లపిల్లిని దాచుకుంది. పేరు బాంబినో. అది బయటపడటంతో పిల్లి న్యూయార్క్‌లో తండ్రి దగ్గరికి చేరింది. ముప్ఫై నాలుగేళ్లు కాపురం చేసిన భార్య పోయి, ఆ పెద్ద ఇంట్లో మంచం మీదే ఎక్కువ కాలం గడుపుతున్న ట్వేన్‌కు బాంబినో తోడైంది. 1905లో ఒకరోజు అది కిటికీలోంచి దూకి పోయింది. ట్వేన్ పత్రికలో ప్రకటన ఇచ్చాడు, అయిదు డాలర్ల బహుమతి అన్నాడు. జనం దొరికిన పిల్లినల్లా పట్టుకుని ఆయన్ని చూసే వంకతో ఇంటికి వరసకట్టారు. చివరికి బాంబినో ఇంటికి చేరింది. ఆ ప్రకటనను లోకం ఒక సరదా కథగా చెప్పుకుంటుంది. తల్లి పోయిన కూతురూ, భార్య పోయిన తండ్రీ ఒకే పిల్లిని పట్టుకుని ఆ ఏడాది దాటించారన్నది నాకు అందులో కనిపించే కథ.

ఇంతదాకా మన దుఃఖం సంగతి. ఆ ఇంట్లో పిల్లికి కూడా ఒక మనిషి పోయారు. క్యోటో విశ్వవిద్యాలయంలో సాహో తకాగి 2021లో వెలువరించిన పరిశోధన ఇందుకు బాగా పనికొస్తుంది. యజమాని గొంతు ఒకచోటి నుంచి వినిపించి, వెంటనే ఆ మనిషి చేరుకోలేనంత దూరపు చోటి నుంచి మళ్లీ వినిపిస్తే పిల్లి విస్తుపోయింది. అంటే కనిపించకపోయినా తన మనిషి ఇప్పుడు ఎక్కడ ఉన్నారన్న లెక్క పిల్లి మనసులో నడుస్తూనే ఉంటుంది. ఆ లెక్క ఒకరోజు తప్పుతుంది. ఆసుపత్రికి వెళ్లిన మనిషి తిరిగి రాడు, గొంతు ఎటు నుంచీ వినిపించదు. సందెవేళ గేటు దగ్గర కూర్చోవడం, ఆయన కుర్చీ చుట్టూ తిరగడం, రాత్రుళ్లు గది గదికీ తిరిగి అరవడం అందుకే కావచ్చు. అమెరికాలోని ఓక్లాండ్ విశ్వవిద్యాలయంలో బ్రిటనీ గ్రీన్, జెన్నిఫర్ వోంక్ 2024లో నాలుగు వందలకు పైగా పిల్లుల వివరాలు సేకరించారు. తోటి పెంపుడు జంతువు చనిపోయాక పిల్లుల నిద్ర, తిండి, ఆట తగ్గాయని, కలిసి బతికిన కాలం ఎక్కువైనకొద్దీ ఆ మార్పులు పెరిగాయని తేలింది. చెప్పింది యజమానులే కాబట్టి వాళ్ల దుఃఖమే పిల్లిలో కనిపించి ఉండవచ్చని ఆ పరిశోధకులే జాగ్రత్త చెప్పారు.

మన ఆచారంలో ఒక విషయం పిల్లికి ఇబ్బంది. పోయినవారి బట్టలు తడిపేస్తాం, ఇచ్చేస్తాం. శయ్యాదానం పేరిట మంచం, పరుపు కూడా దానం చేస్తాం. ఇల్లంతా కడుగుతాం. పిల్లికి మనిషంటే ప్రధానంగా వాసన. పదమూడు రోజుల్లో ఆ వాసన ఇంట్లోంచి తుడిచిపెట్టుకుపోతుంది. ఆచారం మానమని కాదు. ఉతకని ఒక పంచో పాత చీరో తీసి, పిల్లి పడుకునే మూల పెట్టండి. తిండి వేళ మార్చకండి, గిన్నె చోటు మార్చకండి. మన దగ్గర పంచుకునే ఓపిక లేనప్పుడు కూడా ఈ రెండూ చేయవచ్చు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసింది తిండి. దిగులుపడిన పిల్లి తినడం మానేస్తుంది. మనిషికి రెండు మూడు రోజుల పస్తు పెద్ద ప్రమాదం కాదు, పిల్లికి ప్రమాదమే. తిండి అందకపోతే దాని ఒంట్లో కొవ్వు ఒక్కసారిగా కాలేయంలో పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది, లావుగా ఉన్న పిల్లుల్లో మరీ త్వరగా. ఒక రోజంతా ముట్టకపోతే పశువుల డాక్టరుకు చూపించాలి, దిగులు అదే తీరుతుందని ఆగకూడదు. జ్వరమేమోనని పారాసెటమాల్ మాత్ర అస్సలు వేయకూడదు, ఒక్కటి చాలు చంపడానికి. విదేశాల్లో ఉన్నవాళ్లకు ఇంకో మాట. సంతాపం తెలుపుతూ పంపే పూలగుత్తుల్లో తరచూ లిల్లీలుంటాయి. మన దండల్లో కట్టే తెల్లటి నేలసంపెంగ కాదు, పెద్ద రేకులతో గొట్టంలా విచ్చుకునే అసలు లిల్లీలు. వాటి పుప్పొడి ఒంటి మీద పడి నాకినా, ఆ కూజా నీళ్లు తాగినా పిల్లి మూత్రపిండాలు దెబ్బతింటాయి. అలాంటి గుత్తి వస్తే ఇంట్లోకే తేవద్దు.

ఒకనాటికి ఆ పిల్లి కూడా పోతుంది. పన్నెండు పదిహేనేళ్లు దాని ఆయుష్షు. భర్త పోయినప్పుడు ఊరంతా వచ్చిన ఇంటికి, ఆయన పిల్లి పోయినప్పుడు ఒక్కరూ రారు. ‘పిల్లి కోసం ఏడుస్తున్నావా’ అని నవ్వుతారని ఆమె ఎవరికీ చెప్పుకోదు. సమాజం గుర్తించని ఇలాంటి దుఃఖాన్ని కెన్నెత్ డోకా 1989లో ఒక పుస్తకంగా చర్చించారు. కర్మ లేదు, సెలవు లేదు, పలకరింపు లేదు, కానీ నష్టం నిజం. పైగా ఆమెకు పోయింది ఒక్క పిల్లి కాదు. ఆయన చేతి ముద్ద తిన్న ప్రాణి, ఆయన గొంతు గుర్తుపట్టే ప్రాణి ఇంట్లో ఇక లేదు. భర్త రెండోసారి పోయినట్టుంటుంది.

ఈ దుఃఖాన్ని దాచుకోని కాలాలు, దాచుకోని మనుషులు ఉన్నారు. పిల్లి చనిపోతే ఇంటిల్లపాదీ కనుబొమలు గొరిగించుకుంటారని ప్రాచీన ఈజిప్టు గురించి గ్రీకు చరిత్రకారుడు హెరొడొటస్ రాశాడు. జపాన్ నవలాకారుడు నత్సుమె సోసెకి తన మొదటి నవలకు ప్రేరణైన పిల్లి 1908లో చనిపోతే, శిష్యులకు నల్లంచు కార్డుల మీద మరణవార్త పంపాడు. ఆయన శిష్యుల్లో ఒకడైన రచయిత ఉచిద హ్యాక్కెన్, 1957లో నోరా అనే తన పిల్లి ఇల్లు వదిలి తిరిగిరాకపోతే, అరవై ఏడేళ్ల వయసులో రోజుల తరబడి ఏడ్చాడు. కరపత్రాలు అచ్చువేయించి పంచాడు. ఆ ఎదురుచూపునంతా ఒక పుస్తకంగా రాశాడు. అకిరా కురొసావా 1993లో తీసిన తన చివరి సినిమాలో ఈ హ్యాక్కెన్ కథే చెప్పాడు, నోరా కోసం ఆ ముసలి మాస్టారు పడిన బాధను ఎక్కడా తేలిక చేయలేదు. పిల్లి పోయిన ఇంటికి వెళ్లి పది నిమిషాలు కూర్చుని, దాని గురించి చెప్పమని అడగండి చాలు. పెద్ద మాటలు అక్కర్లేదు.

పిల్లితో ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లను లోపల తొలిచే భయం ఇంకొకటి ఉంది. నేను ముందు పోతే దీన్ని ఎవరు చూస్తారు? పిల్లలు అడగరు, వీళ్లు చెప్పరు. అడగవలసింది పిల్లలే. మన చట్టం ప్రకారం పిల్లి పేరున ఆస్తి రాయడం కుదరదు. చూసుకోవడానికి ఒప్పుకున్న మనిషి పేరున వీలునామాలో కొంత డబ్బు రాయవచ్చు. అంతకన్నా ముందు ఒక కాగితం మీద నాలుగు విషయాలుండాలి. పిల్లి ఏం తింటుంది, ఏ వేళకి తింటుంది, భయమేస్తే ఎక్కడ దాక్కుంటుంది, రేబిస్ టీకా ఎప్పుడు వేయించారు. దాని కింద పశువుల డాక్టరు నంబరు, తీసుకెళ్లే మనిషి నంబరు రాసి, ఇంటి తాళం రెండోది ఎవరి దగ్గరుంటుందో ఆ పక్కింటివాళ్లకు ఇవ్వాలి. చావింటి సందడిలో అటక మీద నక్కిన పిల్లి సంగతి ఎవరికీ గుర్తురాదు కాబట్టి, మొదటి రాత్రే దాని గిన్నె నింపే పని ఎవరిదో కూడా ఆ కాగితం మీదే రాసి ఉండాలి.